అడవిబాతు వంటింటికి వచ్చేముందు

మొన్న జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకు, మేము గుడికి బయలుదేరబోతుండగా ఫోను మోగింది. అమెరికాలో ఆర్కాన్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొంటున్న మా తమ్ముడి కొడుకు. వాళ్ళకు అప్పుడు శనివారం రాత్రి ఎనిమిది గంటలు. క్షేమ సమాచారాలు కూడా అడగకుండా "పెద్దమ్మా, నా వంటింట్లో నాలుగు అడవిబాతులున్నాయి, ఏం చెయ్యను?" అన్నాడు. వాళ్ళ సంఘంలో ఒక పెద్దాయన, వరి పండించే రైతు, వేటాడి తెచ్చి ఇచ్చాడట. మరునాడు ఆరాధన అయ్యాక ఆయననూ భార్యనూ భోజనానికి పిలిచాడట. ఆ బాతులు మన పద్ధతిలో వండి పెట్టాలని వాడి కోరిక.

మేము మసాలాల సంగతి ఎత్తలేదు. "ముందు ఇది చెప్పరా, ఆ బాతులు ఎలా చచ్చినవి?" అన్నాము. వాడు పకపక నవ్వాడు. "మీరు నాయనమ్మలా అడుగుతున్నారు" అంటూ అవతల వాడి పెదనాన్న కూడా నవ్వారు. నిజమే, ఆ ప్రశ్న మాది కాదు. మా ఇంటి నాయనమ్మది. అది మాకు ఎలా అబ్బిందో ముందు చెప్పాలి.

మా సొంత ఊరు కైకలూరు దాపున, కొల్లేటి గట్టున ఉంది. 1983 డిసెంబరు. పండుగ ఇంకా రెండు రోజులు. మాకు పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. క్రిస్మసు నాడు అయ్యగారి కుటుంబం మా ఇంటనే భోంచేయాలని నిర్ణయం. పొద్దున్నే ఒకాయన తడిగోనె కప్పిన తట్టతో వాకిట్లోకి వచ్చాడు. గోనె తీస్తే లోపల ఆరు పరజలు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో కొల్లేటికి వచ్చే బాతులు. అడిగిన ధర చూస్తే నాటుకోడి ధరలో సగం లేదు. ఆహా, దేవుడే పంపించాడనుకొని నాలుగు తీసుకొన్నాము. పనిమనిషి దొడ్లో కూర్చొని ఒక బాతు కోసి, పేగులు పెంటకుప్ప మీద పారేసింది కూడా.

అప్పుడు నాయనమ్మ లేచి వచ్చింది. కంటిచూపు అప్పటికే మందగించింది గాని చేతులకు కళ్ళున్నవి. మిగిలిన బాతుల్లో ఒకదాన్ని ఒళ్ళో వేసుకొని, రొమ్ము మీది ఈకలు ఎదురు ఊది చూసింది. గుండు తగిలిన రంధ్రం లేదు. రెక్క కింద తడిమింది. ఎముక విరగలేదు. గొంతు కోసి ఉంది గాని, ఈకలకు నెత్తురు మరక సరిగా లేదు. ప్రాణముండగా కోస్తే అలా ఉండదు, చచ్చాక కోసిన కోత అది. మెడ గొట్టం చీల్చమంది. చీలిస్తే అందులో వడ్లు. ఆ వడ్ల మీద ఊదారంగు పొడి.

"ఇవి గుళికలు తిన్న బాతులు. పొయ్యి మీదికి పోనివ్వను" అన్నది.

మేము ఊరుకోలేదు. డబ్బు పోసి కొన్నామనీ, బాగా కడిగి బాగా ఉడికిస్తే ఏమవుతుందనీ వాదించాము. చిన్నతనం! మా వాదన ఇంకా సాగుతుండగానే దొడ్లో కోడిపెట్ట ఒకటి మెడ వంచుకొని గిరగిర తిరిగి పడిపోయింది. పెంటకుప్ప మీద పేగులు పొడిచిన కోడి అది. కాసేపటికి రెండోది. ఇక మా నోట మాట లేదు. బాతులను, పేగులను, చచ్చిన కోళ్ళను కలిపి ఊరి బయట లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాము. ఆ క్రిస్మసుకు అయ్యగారికి గుమ్మడికాయ పులుసు, ఎండురొయ్యల వేపుడు పెట్టాము. ఆయన పులుసు రెండుసార్లు వేయించుకొన్నారు గాని, ఆ రోజు వాళ్ళ నలుగురు పిల్లలు మా చాప మీద కూర్చొని అన్నం తింటుంటే మేము ఎన్నిసార్లు వాళ్ళ ముఖాలు చూసుకొన్నామో మాకే తెలుసు.

గుళికల మందు వరికి పట్టే పురుగు కోసం చేసినది. దాన్ని వడ్లకు పట్టించి నీటి అంచున చల్లేవాళ్ళున్నారు. అది తిన్న పక్షి నరాలు పట్టు తప్పి, ఎగరలేక నీళ్ళ మీద తేలుతుంది. తుపాకీ అక్కరలేదు, చప్పుడు లేదు. ఆ మందు మనిషికి సోకినా జరిగేది అదే. నోట చొంగ, వాంతి, విపరీతమైన చెమట, కంటిపాపలు చిన్నవైపోవడం, ఊపిరి అందకపోవడం. ఉడికిస్తే పోతుందిలే అని నమ్మి పిల్లల కంచంలో వేయదగినది కాదు. ఎవరికైనా అలాంటి లక్షణాలు కనబడితే చింతపండు రసాలు, ఉప్పునీళ్ళు తాగిస్తూ కాలం వృథా చేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవాలి. ఏమి తిన్నారో డాక్టరుగారికి దాచకుండా చెప్పాలి. చట్టం భయంతో ఆ మాట దాచితే వైద్యం తప్పుదారి పడుతుంది.

చట్టం మాట వచ్చింది గనుక ఇదీ చెప్పుకొందాము. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అది మొదట్లో లైసెన్సు ఉన్నవారికి కొన్ని పక్షుల వేటకు వీలు మిగిల్చింది. 1991 సవరణతో ఆ వీలు కూడా పోయింది. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్సార్ చిత్తడినేలల జాబితాలో అది చేరింది. కాబట్టి ఈనాడు మన ప్రాంతంలో తట్టలో వచ్చే పరజ ఏ విధంగా చచ్చినా కొనదగినది కాదు. విషం లేకపోయినా అది దొంగసొమ్మే. బాతుకూర తినాలని ఉంటే కోతలయ్యాక పొలాల్లో మేపుకొని తిరిగే బాతులమందల వాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర ప్రాణంతో ఉన్న బాతును చూసి కొనుక్కోవచ్చు.

మళ్ళీ ఫోను దగ్గరికి వస్తాము. మా ప్రశ్నకు వాడు చెప్పిన జవాబులు వింటుంటే ఆ దేశపు పద్ధతి మీద మాకు గౌరవం కలిగింది.

అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆర్కాన్సాస్‌లోనే పండుతుంది. చలికాలంలో అక్కడి రైతులు కోసిన మళ్ళకు నీళ్ళు పెడతారు. కెనడా వైపు నుంచి దిగివచ్చే బాతులు రాలిన గింజల కోసం ఆ మళ్ళలో వాలుతాయి. కొల్లేటి కథే, భాష వేరు. ఆ రాష్ట్రంలో స్టట్‌గార్ట్ అనే చిన్న పట్టణంలో 1936 నుంచి బాతుకూత పోటీలు జరుపుతున్నారట. మనిషి ఊది పిలిచే పిలుపుకు బాతు దిగి వస్తుంది. ఆ పిలుపు ఎవరిది గొప్ప అని పోటీ! అక్కడ వేట నిషేధం కాదు గాని ఇష్టారాజ్యమూ కాదు. రాష్ట్రపు లైసెన్సు కావాలి. దానితో పాటు పదహారేళ్ళు దాటిన వేటగాడు 1934లో మొదలైన బాతు స్టాంపు కూడా కొనాలి. ఆ స్టాంపు డబ్బులో చాలా భాగం పక్షులు వాలే చిత్తడినేలలను కొని కాపాడడానికే పోతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం వరకే కాల్చవచ్చు. తుపాకీలో ఒక్కసారికి మూడు తూటాలకు మించి పట్టకూడదు. ఒక మనిషి రోజుకు ఇన్నే కొట్టాలని లెక్క, అందులో ఆడబాతులు ఇంకా తక్కువ. తల్లిపక్షిని, పిల్లలను కలిపి పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము ఇరవై రెండవ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ మాకు గుర్తుకు వచ్చింది.

"ఒక్కొక్క బాతుకు ఒక రెక్క ఈకలతో సహా వదిలేశాడు పెద్దమ్మా. మిగతా అంతా శుభ్రం చేసి, ఇదొక్కటి ఎందుకో?" అని వాడి అనుమానం. అది బద్ధకం కాదు. ఇంటికి చేరేదాకా రెక్క గాని తల గాని ఉంచాలని అక్కడి నియమం, అధికారి అడిగితే ఏ జాతి బాతో తెలియాలి గదా. వాటితో పాటు ఒక చీటీ కూడా ఉందట. కొట్టినవాని పేరు, చిరునామా, సంతకం, ఎన్ని బాతులు, ఏ జాతివి, ఏ రోజున కొట్టినవి అన్నీ అందులో రాసి ఉన్నవి. అక్కడ ఈ బాతులను అమ్మడం నేరం. వేటాడినవాడు తాను తినాలి, లేదా సంతకం పెట్టి ఊరికే ఇవ్వాలి. మా వాకిట్లోకి వచ్చిన తట్టకు చీటీ లేదు, సంతకం లేదు.

తరువాత గుండ్ల సంగతి. పాతకాలంలో ఎక్కడైనా సీసపు గుండ్లే వాడేవారు. గురి తప్పిన గుండ్లు నీటి అడుగున పడితే, బాతులు రాళ్ళనుకొని మింగి సీసం విషంతో చచ్చేవి. అందుకని అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటకు సీసం మాన్పించారు. ఇప్పుడు ఎక్కువగా ఉక్కు గుండ్లు. "పెద్దాయన ఉక్కువే అన్నాడు" అని వాడు చెప్పాక మా మనసు కుదుటపడింది. అయితే ఉక్కుకు వేరే చిక్కుంది, పంటి కింద పడితే పన్ను ఊడుతుంది.

వేట ఎలా సాగిందని కూడా అడిగాము. ఎందుకంటే మా తాతయ్య 1950ల్లో కొల్లేటిలో లైసెన్సు తుపాకీతో వేటాడినవాడే. ఆయన నియమాలు నాయనమ్మ వల్లించేది. ఒక దోనెలో ఒక్కటే తుపాకి. తాటి దోనెలో నిలబడి కాల్చరాదు, తుపాకీ వెనక్కి తన్నితే దోనె బోర్లాపడుతుంది. నీటి మీద వాలిన బాతును పల్లంగా కాల్చరాదు, గుండు నీటిని తాకి ఎగిరి అవతల చేపలు పట్టేవాని ముఖాన తగులుతుంది. పక్షి వెనుక ఆకాశం కనబడితేనే కాల్చాలి. దోనె ఎక్కేముందు, దిగేముందు తూటా తీసి జేబులో వేసుకోవాలి. ఆదివారం తుపాకి ముట్టుకోరాదు. ఆయన 1968లో పోయాక ఆ తుపాకీని పోలీసు ఠాణాలో అప్పగించారు. ఇంట్లో ఒక్క తూటా కూడా ఉంచవద్దని నాయనమ్మ పట్టుబట్టిందట. ఆర్కాన్సాస్ పెద్దాయన కూడా వేట భద్రత పాఠం చదివినవాడే. పడవలో ఉన్నంతసేపు తేలే చొక్కా విప్పడట. చలినీటిలో పడితే, పొడుగు రబ్బరు బూట్లలోకి నీళ్ళు చేరితే, ఈత వచ్చినవాడు కూడా మునుగుతాడని మా వాడికి వివరంగా చెప్పాడట.

ఇంత అడిగాక అప్పుడు వంట మొదలుపెట్టాము. ఆ ఆదివారం గుడికి పావుగంట ఆలస్యంగా వెళ్ళామన్నది వేరే సంగతి.

మొదట చేతికి తొడుగులు వేసుకోమన్నాము. 2022 నుంచి అమెరికా అడవిపక్షుల్లో బర్డ్ ఫ్లూ కనబడుతూ వస్తున్నది. మన గోదావరి జిల్లాల కోళ్ళకు 2025 ఫిబ్రవరిలో వచ్చినది కూడా ఆ జబ్బే. జబ్బుగా తూలే పక్షిని, చచ్చిపడి ఉన్న పక్షిని ఎవరూ ముట్టరాదు, వండరాదు. ఆరోగ్యంగా ఎగురుతూ ఉండగా కొట్టినదైనా పచ్చిమాంసం తగిలిన కత్తి, పీట వేడినీళ్ళతో, సబ్బుతో కడగాలి. పక్కనే పచ్చికూరలు తరగకూడదు.

ఈకలు. కోడిని వేడినీళ్ళలో ముంచినట్లు బాతును ముంచితే లాభం లేదు. దాని ఈకలకు నూనె ఉంటుంది, నీరు లోపలికి పోదు. నాయనమ్మ ఆ నీళ్ళలో కుంకుడురసం కలిపేది. అప్పుడు నీరు మొదలు దాకా పోయి ఈక చేతికి వస్తుంది. పైన మిగిలిన నూగును వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రాసి కత్తివీపుతో గీకేది. మా వాడికి పెద్దాయన చాలావరకు పీకే ఇచ్చాడు గనుక గ్యాసుపొయ్యి మంట చాలింది. ఆ గది కిటికీలన్నీ తెరువు, లేకపోతే పొగగంట మోగుతుంది అని హెచ్చరించాము. మోగనే మోగిందట.

అన్నిటికంటె ముఖ్యం తోక మొదట, వీపు వైపున ఉండే చిన్న నూనెతిత్తి. బాతు ఈకలకు రాసుకొనే నూనె అందులోనిదే. దాన్ని చుట్టూ వెడల్పుగా కోసి తీసెయ్యాలి. బాతుకూర నీచు వాసన అని మొగం చిట్లించేవారి ఇళ్ళలో నూటికి తొంభై మంది ఈ తిత్తిని వదిలేసి ఉంటారని నాయనమ్మ అనేది. ఆ లెక్క ఆమెది, మాకు పూచీ లేదు.

తరువాత గుండ్లు వెదకడం. వెలుతురులో పెట్టి చూస్తే మాంసం మీద చిన్న నల్లని చుక్క కనబడుతుంది, దానిలోపలికి ఈకముక్క దూరి ఉంటుంది. ఆ దారిన కత్తిమొన పోనిస్తే గుండు తగులుతుంది. గుండుతో పాటు ఈకముక్కను, గడ్డకట్టిన నెత్తురును కూడా తీసివేయాలి, పాడువాసన అక్కడే పుడుతుంది. సీసపు గుండ్లకు నాయనమ్మ వేలే ఆధారం. మా వాడు ఉక్కు గుండ్లు గనుక ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం తెచ్చి మాంసం మీద తిప్పాడట. మూడు గుండ్లు దొరికినవి. ఈ ఉపాయం మాది కాదు, వాడిదే.

ముక్కలు కొట్టేటప్పుడు రొమ్ము వేరుగా, కాళ్ళు, రెక్కలు, మెడ, వీపు వేరుగా ఉంచమన్నాము. అడవిబాతు వేల మైళ్ళు ఎగిరి వచ్చినది. దాని మాంసం ఎర్రగా, గట్టిగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. కాళ్ళు ఉడికేసరికి రొమ్ము పీచుపీచై పోతుంది. పుల్లమజ్జిగలో ఉప్పు, పసుపు వేసి ముక్కలన్నీ రాత్రంతా నాననివ్వాలి. నాయనమ్మ గాలి తగిలే చోట కుండలో పెట్టేది, వీడికి ఫ్రిజ్ ఉంది. ఆర్కాన్సాస్ వాళ్ళు కూడా మజ్జిగలోనే నానబెడతారని పెద్దాయన భార్య అన్నదట. అది విని మాకెందుకో సంతోషం కలిగింది.

మరునాడు మజ్జిగ పారబోసి ముక్కలు కడిగి ఒత్తాలి. రెండు బాతులకు నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, వేరుశనగ నూనెలో ఎర్రబడేదాకా వేయించాలి. తొందరపడరాదు, ఈ కూర రంగు, రుచి ఉల్లిపాయలోనే ఉన్నవి. మూడు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేగాక, కాళ్ళు మెడ వీపు ముక్కలు వేసి, నీరు ఊరి ఇగిరేదాకా మూతలేకుండా తిప్పాలి. కొంచెం కారం, రెండు చెంచాల ధనియాలపొడి, ఉప్పు, ముక్క మునిగేటన్ని వేడినీళ్ళు. కుండలో అయితే సన్నని సెగ మీద రెండు గంటలు. కుక్కరులో అయితే ఐదారు కూతలు, తీసి చూసి చాలకపోతే ఇంకొన్ని. ఎముక దగ్గర మాంసం వదులయ్యాక అప్పుడు రొమ్ము ముక్కలు వేయాలి. అవి మరో ఇరవై నిమిషాల్లో ఉడుకుతాయి. అక్కడివాళ్ళు కొందరు రొమ్మును లోపల ఎర్రగా ఉండగానే తింటారట. వాడు అలా వండుతానంటే మేము ఒప్పుకోలేదు. అక్కడి ప్రభుత్వం చెప్పే కొలత కూడా ముక్క మధ్యలో 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి.

చివరలో దంచిన మిరియాలు ఒకటిన్నర చెంచా, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు నూరిన ముద్ద. అడవిబాతుకు కారం కంటె మిరియమే నప్పుతుంది. నూనె పైకి తేలాక దించాలి. మంద బాతును వండేవారు మాత్రం నూనె చాలా తక్కువ వేసుకోవాలి. ఆ చర్మం కింద కొవ్వు దండిగా ఉంటుంది, ముందు ముక్కలను వట్టి మూకుడులో సన్నసెగన వేయిస్తే ఆ కొవ్వే కరిగి కూరకు సరిపోతుంది. మిగతా పద్ధతి అంతా ఇదే.

మరునాడు, అంటే మాకు సోమవారం తెల్లవారుజామున, మళ్ళీ ఫోను. కూర గిన్నె ఖాళీ అయిందట. పెద్దాయన మొదట భయపడి అన్నం ఎక్కువ, కూర తక్కువ పెట్టించుకొని, ఆపైన మెడముక్క కూడా వదలలేదట. ఇంత జాగ్రత్తగా వెదికినా ఆయన పంటికే ఒక గుండు తగిలింది. తీసి కంచం అంచున పెట్టి "ఇది నాదే, నాకే తిరిగి వచ్చింది" అన్నాడట. మా వాడి చిన్నకూతురు ఒక రెక్కను దాచుకొన్నది. అందులో నీలంరంగు పట్టీ, దానికి అటూ ఇటూ తెల్లగీత. రోజూ తలగడ పక్కన పెట్టుకొని పడుకొంటున్నదట. ఆ రెక్కకు ఉప్పు పట్టించి బాగా ఎండబెట్టిందాకా పిల్ల చేతికి ఇవ్వొద్దు, ముట్టుకొన్న చేతులు కడిగించు అన్నాము.

ఫోను పెట్టబోతూ వాడు కొంచెం నసిగాడు. వచ్చే చలికాలం పెద్దాయన తనను కూడా పడవలో రమ్మంటున్నాడట. కాల్చడానికి కాదు, ఊరికే కూర్చొని చూడడానికి.

"పడవ ఎక్కేముందు ఆయన తూటాలు తీస్తాడేమో కళ్ళతో చూడు. తీస్తేనే ఎక్కు" అన్నాము.